మైనపు తాటిచెట్టూ, హంబోల్ట్ దొరగారూ

మా ఇంట్లో వేసవి సెలవులకి ఎక్కడికి వెళ్ళాలన్న చర్చ మార్చిలోనే మొదలవుతుంది. ఇండియా వెళ్ళని ఏడాది అయితే ఆ చర్చ కాస్తా గొడవగా మారుతుంది. అలాంటి ఒక ఏడాది మా అబ్బాయి పట్టుబట్టి మమ్మల్ని కొలంబియా తీసుకెళ్ళాడు. హ్యూస్టన్ నుంచి బొగోటాకి ఐదు గంటల ప్రయాణం. అక్కడి నుంచి అండీస్ కొండల మీదుగా సలెంతో అనే చిన్న ఊరు చేరి, పాతకాలపు విల్లీస్ జీపు ఎక్కి కొకోరా లోయకి వెళ్ళాం. జీపులో చోటు చాలక మా అబ్బాయీ నేనూ వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డాం. హైస్కూలు రోజుల్లో మా ఊరి బస్సు వెనక నిచ్చెన పట్టుకుని వేలాడిన సంగతి వాడికి చెబితే నమ్మలేదు.

లోయలో జీపు దిగగానే అందరం నోరు తెరిచి నిలబడిపోయాం. పచ్చటి గడ్డి కొండల మీద, మబ్బుల్లోకి తల దూర్చి, సన్నటి బూడిద రంగు స్తంభాల్లాంటి తాటిజాతి చెట్లు. ఒక్కొక్కటీ నలభై, యాభై మీటర్ల ఎత్తు. ప్రపంచంలోకెల్లా పొడవైన తాళవృక్షం ఇదే. కాండం మీద తెల్లటి మైనం పూతలా ఉంటుంది కాబట్టి మైనపు తాడి అంటారు. తాటిచెట్టంటే మనకి ఎండా, ఇసుకా, ముంజెలూ గుర్తొస్తాయి. ఇక్కడేమో జాకెట్లు వేసుకుని, చేతులు రుద్దుకుంటూ చూడాల్సి వచ్చింది. సముద్రమట్టానికి 2,400 మీటర్ల ఎత్తు మరి!

ఫోటోలన్నీ అయ్యాక మా గైడు ఒక చిన్న పరీక్ష పెట్టాడు. ఈ గడ్డిమైదానంలో ఒక్క పిల్లచెట్టు వెతికి చూపించమన్నాడు. మా అమ్మాయి బైనాక్యులర్స్ తీసుకుంది. పావుగంట వెతికాం. ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ పెద్దవే. ఒకప్పుడు ఇదంతా దట్టమైన అడవి, ఈ చెట్లన్నీ ఆ అడవి నీడలో మొలిచినవి. పశువుల మేత కోసం అడవి నరికినప్పుడు వీటిని మాత్రం ఉంచేశారు. అప్పటి నుంచీ కాయలు కాస్తూనే ఉన్నాయి, గింజలు రాలుతూనే ఉన్నాయి. మొలకెత్తినవి మాత్రం ఎండకి మాడిపోతాయి, లేదా ఆవులు తినేస్తాయి. పోస్టుకార్డుల మీద అంత అందంగా కనపడేది నిజానికి ఒక వృద్ధాశ్రమం అన్నమాట. (పరాయి దేశంలో పిల్లల్ని పెంచుతున్న వాళ్ళకి ఇలాంటి మాట వింటే ఆలోచనలు ఎటో వెళతాయి. వెళ్ళనివ్వకుండా ఆపుకున్నాను.)

ఆ గైడే చెప్పాడు, 1801లో హంబోల్ట్ ఈ పక్క కొండల మీదుగానే నడిచి వెళ్ళాడని. హంబోల్ట్ అంటే నాకు తెలిసింది హైస్కూలు భూగోళంలో చదివిన సముద్ర ప్రవాహం ఒక్కటే. పేరు బట్టీపట్టి రెండు మార్కులు తెచ్చుకోవడమే తప్ప ఆయనెవరో ఏనాడూ అడగలేదు. ఇంటికొచ్చాక ఆయన గురించి చదవడం మొదలుపెడితే ఏడాది గడిచిపోయింది. ఆ చదివినది మీతో పంచుకోవాలని ఈ వ్యాసం.

అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ 1769 సెప్టెంబర్ 14న బెర్లిన్‌లో పుట్టాడు. కలవారి కుటుంబం. తొమ్మిదేళ్ళకే తండ్రి పోయాడు. తల్లి పిల్లల చదువుకి లోటు చేయలేదు గానీ దగ్గరకి తీసుకున్న మనిషి కాదు. అన్న విల్హెల్మ్ తర్వాత పెద్ద భాషా పండితుడయ్యాడు. తమ్ముడేమో చిన్నప్పటి నుంచీ జేబుల నిండా ఆకులు, పురుగులు, రాళ్ళు. తల్లికి మాత్రం కొడుకులిద్దరూ సర్కారు కొలువుల్లో స్థిరపడాలని పట్టుదల. మన ఇళ్ళలో ఇంజనీరో డాక్టరో అన్నట్టే! సరేనని ఆయన ఫ్రైబర్గ్‌లో గనుల చదువు చదివి, ప్రష్యా గనుల శాఖలో ఉద్యోగంలో చేరాడు.

ఉద్యోగం బాగానే చేశాడు. కార్మికుల కోసం సొంత డబ్బుతో బడి పెట్టాడు, విషవాయువుల్లోనూ వెలిగే దీపం తయారు చేశాడు. అయితే నాకు నచ్చింది ఇంకొకటి. గనుల్లోకి దిగినప్పుడు అందరూ ఖనిజం చూస్తే, ఈయన ఆ చీకట్లో రాళ్ళకీ కొయ్యలకీ అంటుకుని బతికే నాచులనీ బూజులనీ చూశాడు. వెలుతురు లేనిచోట మొక్కకి ఏమవుతుందన్న ప్రశ్న ఆయన్ని పట్టుకుంది. 1793లో వాటి మీద ఒక పుస్తకమే వేశాడు. మొక్కకి పేరు పెట్టి, ఎండబెట్టి, కాగితానికి అంటించడమే వృక్షశాస్త్రం అనుకునే రోజులవి. ఈ మొక్క ఇక్కడే ఎందుకుంది, పక్కన ఎందుకు లేదు అని అడిగేవాళ్ళు అప్పట్లో తక్కువ.

1796లో తల్లి పోయింది. పెద్ద ఆస్తి చేతికొచ్చింది. వెంటనే ఉద్యోగం వదిలేశాడు. ప్యారిస్‌లో ఎమే బోంప్లాన్ అనే యువ వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త తోడు దొరికాడు. స్పెయిన్ రాజు దగ్గర అనుమతి సంపాదించి, పెట్టెల నిండా పరికరాలతో 1799 జూన్ 5న ఇద్దరూ ఓడ ఎక్కారు. జూలై 16న ఇప్పటి వెనిజువేలాలోని కుమానా రేవులో దిగారు.

మరుసటి ఏడాది వలెన్సియా సరస్సు దగ్గర ఆయనకి మొదటి పెద్ద పాఠం దొరికింది. సరస్సు ఏటేటా కుంచించుకుపోతోందని అక్కడి జనం ఆందోళనగా ఉన్నారు. భూమి లోపల ఏదో సొరంగం ఉంది, నీళ్ళు అందులోకి పోతున్నాయని కొందరి నమ్మకం. హంబోల్ట్ కొలతలు తీసుకుని, చుట్టూ తిరిగి చూసి, సొరంగమేమీ లేదని తేల్చాడు. నీలిమందు తోటలకి వాగుల నీరు మళ్ళించడం ఒక కారణం. చుట్టూ కొండల మీద అడవి కొట్టేయడం రెండోది. చెట్టు నీడ నేలని చల్లగా ఉంచుతుంది, ఆకులు గాలిలోకి తేమ వదులుతాయి, వేర్లూ రాలిన ఆకులూ వాన నీటిని పట్టి ఉంచుతాయి. చెట్లు పోతే వాన పడ్డ రోజు వరద, మిగతా రోజులు ఎండిన వాగు, కొండ మీది మట్టి కొట్టుకుపోవడం. ఈ రోజు మనకి ఇది మూడో తరగతి పాఠం. 1800లో ఇది కొత్త మాట.

ఒరినోకో నది, క్యూబా కథలు ఇక్కడ వదిలేస్తున్నాను. (విద్యుత్ ఈల్ చేపలతో ఆయన చేసిన ప్రయోగాల గురించి మాత్రం పిల్లలకి చదివి వినిపించండి, పడీ పడీ నవ్వుతారు.) 1801లో బొగోటా చేరి, అక్కడ ముతిస్ అనే వృద్ధ వృక్షశాస్త్రవేత్త ఇంట్లో వేల కొద్దీ మొక్కల బొమ్మలు చూసి, కీటో వైపు బయలుదేరాడు. దారిలో కిందియో కనుమ దాటాలి. ఇబాగే నుంచి కార్తాగోకి, అండీస్ మధ్య శ్రేణి మీదుగా, 3,500 మీటర్ల దాకా ఎక్కి దిగాలి. ఆ రోజుల్లో అక్కడ డబ్బున్నవాళ్ళు నడిచేవారు కాదు. మనుషులే వీపుకి కుర్చీ కట్టుకుని ప్రయాణికుల్ని మోసేవారు. హంబోల్ట్ ఆ కుర్చీ ఎక్కనన్నాడు. సామాన్లూ పరికరాలూ ఎద్దుల మీద వేసి, తను బురదలో నడిచాడు. వానకి బూట్లు చినిగిపోయి చివరికి ఉత్తికాళ్ళతోనే దిగాడు.

ఆ దారిలోనే మైనపు తాడి చూశాడు. బారోమీటరుతో ఎత్తు కొలిచి ఆశ్చర్యపోయాడు. తాళవృక్షాలు ఉష్ణమండలపు వేడి పల్లాల్లో పెరిగేవని పుస్తకాలన్నీ చెబుతున్నాయి. ఇవేమో ఓక్ చెట్ల సరసన, చలిలో, మబ్బులో నిలబడి ఉన్నాయి. గ్రీకులో మైనానికీ కొయ్యకీ ఉన్న మాటలు కలిపి సెరాక్సిలాన్ అని ఈ చెట్ల ప్రజాతికి పెట్టిన పేరు 1804లో అచ్చయింది.

ఇది ఎలా సాధ్యం? భూమధ్యరేఖ దగ్గర కొండ మీద ఎత్తుకి తగ్గట్టు చలి ఉంటుంది గానీ శీతాకాలం అంటూ ఉండదు. ప్రతి రాత్రీ చల్లనే, ప్రతి పగలూ కాస్త వెచ్చనే, ఏడాదంతా అదే వరస. బెర్లిన్‌లో జనవరి వస్తే చచ్చిపోయే చెట్టు ఇక్కడ మూడు వేల మీటర్ల దగ్గర బతకగలదు. దానికి తోడు మబ్బు. కింద నుంచి వచ్చే తేమ గాలి కొండవాలు ఎక్కుతూ చల్లబడి మంచుగా మారుతుంది. ఆ మంచుని చెట్ల కొమ్మలూ, వాటికి వేలాడే నాచూ దువ్వెనలా పట్టి, చుక్కలు చుక్కలుగా నేలకి దించుతాయి. వాన లేని రోజు కూడా అడవి లోపల తడి ఆరదు. మైనపు తాడి మొలక ఆ తడిలో, ఆ నీడలో పెరుగుతుంది. కాండం లేవకముందే దశాబ్దాలు ఆకుల గుత్తిగా నేల మీదే కూర్చుంటుంది. చుట్టూ అడవి తీసేస్తే మంచు వస్తుంది గానీ పట్టే కొమ్మ ఉండదు, నేలని ఎండ నేరుగా కొడుతుంది, పగటికీ రాత్రికీ తేడా పెరుగుతుంది. ఎదిగిన చెట్టు తట్టుకుంటుంది. మొలక తట్టుకోదు. పైగా వీటిలో ఆడ చెట్లు వేరు, మగ చెట్లు వేరు. ఏ ఒక్క చెట్టూ ఒంటరిగా సంతానం కనలేదు.

కీటో చేరాక 1802 జూన్ 23న చింబొరాజో ఎక్కాడు. అప్పట్లో ప్రపంచంలో అదే ఎత్తయిన శిఖరమని అనుకునేవారు. బోంప్లాన్, కీటో కుర్రాడు కార్లోస్ మోంతూఫార్ వెంట ఉన్నారు. గాలి చాలక చిగుళ్ళ నుంచి రక్తం కారింది, కళ్ళు తిరిగాయి. వాళ్ళ లెక్క ప్రకారం 5,800 మీటర్లు దాటాక పెద్ద అగాధం అడ్డొచ్చి వెనక్కి తిరిగారు. శిఖరం ఎత్తు 6,263 మీటర్లు. ఎక్కలేకపోయిన కొండ మీద ఆయనకొచ్చినంత పేరు ఎక్కిన వాళ్ళలో చాలామందికి రాలేదు!

ఎందుకంటే దిగివచ్చాక ఆయన ఒక బొమ్మ గీశాడు. 1807లో మొక్కల భౌగోళికం మీద వేసిన పుస్తకంతో పాటు అచ్చయిన ఆ పటంలో చింబొరాజోని నిలువునా కోసి చూపించాడు. కింద అరటి, తాటిజాతి చెట్లు, పైన చెట్టంత ఫెర్నులు, సింకోనా, ఓక్, ఆపైన పొదలు, గడ్డి, రాతి నాచు, చివర మంచు. ప్రతి మొక్క పేరూ అది పెరిగే ఎత్తు దగ్గరే రాశాడు. రెండు పక్కలా నిలువు వరసల్లో ఆ ఎత్తుకి తగిన ఉష్ణోగ్రత, గాలి పీడనం, తేమ, నీళ్ళు మరిగే వేడి, ఆకాశం నీలం ఎంత ముదురు, అక్కడ ఏ పంటలు పండుతాయి, ఏ జంతువులు తిరుగుతాయి, అన్నీ! ఎక్సెల్ షీటుతో రోజూ కుస్తీ పట్టే నాలాంటి వాడికి ఆ పటం చూస్తే దండం పెట్టాలనిపించింది. ఒక మొక్కని అర్థం చేసుకోవాలంటే దాని చుట్టూ ఉన్న పదిహేను సంగతులు ఒకే వరసలో చదవాలని ఒక్క కాగితం మీద చూపించాడు.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పాలి. ఫ్రాన్సిస్కో హోసే దె కాల్దాస్ అనే స్థానిక శాస్త్రవేత్త కూడా అదే కాలంలో, అవే కొండల్లో, మొక్కల ఎత్తులు కొలుస్తున్నాడు. నీళ్ళు మరిగే వేడిని బట్టి కొండ ఎత్తు చెప్పే పద్ధతి సొంతంగా కనిపెట్టాడు. హంబోల్ట్‌ని కలిసి, తనని కూడా యాత్రలో తీసుకెళ్ళమని కోరాడు. హంబోల్ట్ కాదని మోంతూఫార్‌ని తీసుకెళ్ళాడు. కాల్దాస్ ఎంత బాధపడి ఉంటాడో! 1816లో స్వాతంత్ర్య పోరాటంలో పట్టుబడి కాల్దాస్, మోంతూఫార్ ఇద్దరూ స్పెయిన్ సైన్యం చేతిలో ప్రాణాలు కోల్పోయారు. పటం మీద పేరు మాత్రం యూరప్ తిరిగి వెళ్ళినవాడిదే. హంబోల్ట్ మీద నాకున్న గౌరవం దీనివల్ల పోలేదు గానీ, ఆ పటం చూసినప్పుడల్లా కాల్దాస్ గుర్తొస్తాడు.

1802లోనే హంబోల్ట్ లోహా అడవుల్లో సింకోనా చెట్లు చూశాడు. మలేరియాకి మందు దాని బెరడు నుంచే వచ్చేది. బెరడు కోసం చెట్లకి చెట్లే నరికేస్తున్న తీరు చూసి కలవరపడ్డాడు. ఆ తర్వాత మెక్సికో, 1804లో వాషింగ్టన్‌లో ప్రెసిడెంట్ జెఫర్సన్‌ని కలవడం, అదే ఆగస్టులో ఫ్రాన్స్ చేరడం. సుమారు 6,000 జాతుల మొక్కలు తెచ్చారు.

తర్వాతి ఇరవై ఏళ్ళకి పైగా ప్యారిస్‌లోనే ఉండి పుస్తకాలు వేశాడు. ముప్ఫై సంపుటాలు! వారసత్వంగా వచ్చిన ఆస్తి యాత్రకీ, అచ్చుకీ కరిగిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. బోంప్లాన్ దక్షిణ అమెరికాకి తిరిగి వెళ్ళి, పరాగ్వేలో నియంత చేతికి చిక్కి ఏళ్ళ తరబడి బందీగా ఉండిపోయాడు. విడిపించడానికి హంబోల్ట్ చేయని ప్రయత్నం లేదు.

మనవాళ్ళకి ఆసక్తి కలిగించే సంగతి ఇంకొకటి. ఆయన జీవితాంతం కన్న కల ఇండియా రావడం, హిమాలయాలని అండీస్‌తో పోల్చడం. ప్రష్యా రాజు డబ్బిస్తానన్నాడు. 1814 నుంచి 1818 మధ్య ఒకటికి రెండుసార్లు లండన్ వెళ్ళి ఈస్టిండియా కంపెనీ వాళ్ళని అడిగాడు. అనుమతి రాలేదు. స్పెయిన్ వలస పాలననీ, బానిసత్వాన్నీ ఆయన తన పుస్తకాల్లో దుయ్యబట్టాడు కదా, మన దేశంలో ఏం చూసి ఏం రాస్తాడోనని కంపెనీ భయపడిందని చరిత్రకారులు అంటారు. వీసా కోసం కాన్సులేట్ల చుట్టూ తిరిగిన మనందరికీ ఆ బాధ తెలుసు. చివరికి ఇంగ్లీషు సర్వేయర్లు కొలిచి పంపిన అంకెలతోనే సరిపెట్టుకున్నాడు. అవి చూసి కూడా ఒక మంచి విషయం పట్టాడు. హిమాలయాల్లో దక్షిణం వైపు కన్నా టిబెట్ వైపు మంచు రేఖ ఇంకా పైన ఉంటుంది. అటు చలి ఎక్కువైనా గాలి పొడి, మంచు తక్కువ పడుతుంది. ఎత్తు ఒక్కటే కొండ మీది జీవితాన్ని నిర్ణయించదని దీనితో ఇంకోసారి తేలింది.

వచ్చి ఉంటే మన శేషాచలం కొండలు చూసేవాడా అని నాకొక పిచ్చి ఆలోచన. అలిపిరి మెట్లు ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు గానీ, పక్కనున్న చెట్లని ఒక్కసారైనా పట్టించుకోలేదు. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది అక్కడా, ఆ చుట్టుపక్కల తూర్పు కనుమల్లోనే. రాళ్ళు తేలిన పొడి వాలు, మండే ఎండాకాలం, పలచటి మట్టి, ఇవే దానికి ఇల్లు. సైకస్ బెడ్డోమి అనే ఈతచెట్టు లాంటి పాతకాలపు మొక్క కూడా ఆ కొండల సొత్తే. మందు కోసం దాని మగ కంకులు కోసుకుపోవడం, అడవి మంటలు రెండూ కలిసి దాన్ని అంతరించే స్థితికి తెచ్చాయి. మైనపు తాడికి మబ్బు కావాలి, ఎర్రచందనానికి ఎండిన రాయి కావాలి. రెండింటికీ వేరే కొండ పనికిరాదు.

1827లో బెర్లిన్ తిరిగొచ్చి, మామూలు జనానికి ఉచితంగా ఉపన్యాసాలిచ్చాడు. 1829లో రష్యా మీదుగా సైబీరియా దాకా వెళ్ళొచ్చాడు. 1845 నుంచి కాస్మోస్ సంపుటాలు వెలువడ్డాయి. 1859 మే 6న, ఎనభై తొమ్మిదో ఏట, బెర్లిన్‌లో కన్నుమూశాడు. ఆయన పుస్తకాలు ఓడలో వెంట పెట్టుకుని తిరిగిన డార్విన్ తన పెద్ద గ్రంథాన్ని ఆ నవంబర్‌లోనే వెలువరించాడు.

ఆయన పటం ఇంకా పని చేస్తూనే ఉంది. మళ్ళీ చింబొరాజో ఎక్కి వచ్చిన శాస్త్రవేత్తలు, మొక్కలు 1802 కన్నా సగటున 500 మీటర్లకు పైగా ఎత్తుకి జరిగాయని 2015లో ప్రకటించారు. వాతావరణం వేడెక్కుతుంటే మొక్కలు చల్లదనం వెతుక్కుంటూ పైకి పోతున్నాయన్నమాట. 2019లో ఇంకో బృందం హంబోల్ట్ రాతప్రతులు తిరగేసి, పటంలో పై అంచున రాసిన మొక్కలు చాలామటుకు చింబొరాజోవి కావు, అంతిసానా అనే మరో కొండవని తేల్చింది. ఆ లెక్కన జరిగిన దూరం 215 నుంచి 266 మీటర్లు. దొరగారు దొరికిపోయారు! అయినా రెండు వందల ఏళ్ళ తర్వాత తప్పు పట్టడానికి వీలయ్యేంత వివరంగా రాసిపెట్టాడు చూడండి, అది మాత్రం మెచ్చుకోవాలి. ఇంతకీ ఏ లెక్క తీసుకున్నా దిశ ఒక్కటే, పైకి. కొండకి మాత్రం ఒక కొన ఉంటుంది.

కొలంబియా 1985లో మైనపు తాడిని జాతీయ వృక్షంగా ప్రకటించి, నరకడం నిషేధించింది. మట్టల ఆదివారం పండగకి లేత ఆకులు కోసే అలవాటు కూడా చాలావరకు తగ్గింది. ఆ కాండాల తొర్రల్లో గూడు కట్టుకునే పసుపు చెవుల చిలుక అంతరించిందనే భయపడ్డారు గానీ, 1999లో 81 పిట్టల గుంపు కనపడింది. కాపాడితే ఇప్పుడు వెయ్యి దాటాయి. కొకోరాలో నిలబడ్డ చెట్లని ఎవరూ నరకడం లేదు. ఆవులు మాత్రం మేస్తూనే ఉన్నాయి.

తిరిగి వచ్చే దారిలో గైడు మమ్మల్ని ఒక నర్సరీకి తీసుకెళ్ళాడు. నల్లటి వల నీడ కింద, ప్లాస్టిక్ సంచుల్లో, మోకాలెత్తు మైనపు తాడి మొక్కలు వరసగా ఉన్నాయి. చుట్టూ కంచె వేసిన చోట, వేరే చెట్ల నీడలో, వాటిని నాటుతారట. కాస్త డబ్బు కడితే మన పేరున ఒకటి నాటుతామన్నారు. కట్టాం. ఇది కాండం ఎప్పుడు వేస్తుందని మా అబ్బాయి అడిగాడు. గైడు చెప్పిన ఏళ్ళని వాడు తన వయసుకి కలుపుకుని, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ సంచి మీద రాసిన నంబరు ఫోన్లో ఎక్కించుకున్నాడు.